జీతం అంకె ఎక్కడ పుడుతుంది?

"ఎంత ఎక్స్‌పెక్ట్ చేస్తున్నారండీ?" అని ఫోన్లో అడిగింది హెచ్ఆర్ ఆవిడ. ముందు రోజు రాత్రంతా కూర్చుని లెక్కలు వేసుకున్నాను. అప్పటి జీతానికి ముప్పై శాతం కలిపి, అది మరీ ఎక్కువేమోనని భయపడి, ఇరవై అయిదుకి దిగి, ఆ అంకె చెప్పాను. చెప్పేటప్పుడు గొంతు కాస్త తడబడింది కూడా. అవతల రెండు సెకన్లు కూడా ఆలోచించలేదు. "ఓకే అండీ, ఫైన్. సాయంత్రానికి ఆఫర్ లెటర్ పంపించేస్తాం."

అడిగింది అడిగినట్టు ఇచ్చేశారు. ఎగిరి గంతేయాల్సింది పోయి, కడుపులో ఏదో జారినట్టయింది. ఒక్క మాట బేరం లేకుండా ఒప్పేసుకున్నారంటే నేను ఎంత తక్కువ అడిగి ఉంటాను?

దానికి జవాబు కొన్నేళ్ల తర్వాత, ఇంకో కంపెనీలో ఇంటర్వ్యూలు చేసే వైపు కూర్చున్నప్పుడు దొరికింది. మాకు నచ్చిన ఒక అబ్బాయి తనకి కావలసిన జీతం రాసి పంపాడు. హెచ్ఆర్ అతను చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇంత ఇవ్వడం కుదరదు." ఎక్కువ అడిగాడేమో అనుకున్నాను. కాదు, మరీ తక్కువ అడిగాడు. ఆ పోస్టుకి ఖరారు చేసిన కనీసం కంటే కూడా తక్కువ. సిస్టమ్ ఒప్పుకోదని ఆ కనీసం దాకా పెంచి ఆఫర్ ఇచ్చారు. "అడిగినదానికంటే ఎక్కువ ఇచ్చారు, చాలా థ్యాంక్స్" అని ఆ అబ్బాయి మెయిల్ పెట్టాడు. అతని పక్క సీట్లో, అదే పని చేస్తున్న మనిషి జీతం అతనికంటే నలభై శాతం ఎక్కువ. ఆ సంగతి ఆ గదిలో ఉన్న మా అందరికీ తెలుసు, అతనికి తప్ప.

జీతం మాట్లాడుకోవడం గురించి ధైర్యంగా అడగండి, మొహమాటపడకండి అని అందరూ చెబుతారు. ఆ అబ్బాయికి ధైర్యం ఉన్నా పెద్ద తేడా వచ్చేది కాదని నా అభిప్రాయం. తెలియని అంకెని ధైర్యంగా ఎలా అడుగుతాం? ఇందులో అసలు చిక్కు ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియకపోవడమే.

ఓ మోస్తరు పెద్ద కంపెనీల్లో మనం అప్లై చేయకముందే పోస్టు జీతం దాదాపు ఖాయమై ఉంటుంది. ప్రతి గ్రేడుకీ ఒక బ్యాండ్ ఉంటుంది. ఉదాహరణకి 80 నుంచి 120 అనుకోండి. మధ్యలో ఉన్న 100ని మార్కెట్ రేటుగా లెక్కేస్తారు. మార్కెట్ అంటే ఇలాంటి పనికి మిగతా కంపెనీలు ఎంత ఇస్తున్నాయన్నది, దాన్ని సర్వేలు కొని తెలుసుకుంటారు. కొత్తగా చేరేవాళ్లని చాలాసార్లు మధ్య కంటే కాస్త కింద కూర్చోబెడతారు, ముందు ముందు ఇంక్రిమెంట్లకి జాగా ఉండాలని. 115 దగ్గర చేరినవాడికి రెండేళ్లకే తల పైకప్పుకి తగులుతుంది. అప్పుడు ప్రమోషన్ అయినా ఇవ్వాలి, వదులుకోవడానికైనా సిద్ధపడాలి. చిన్న కంపెనీల్లో ఇంత తతంగం ఉండదు, బ్యాండంతా యజమాని తలలోనే ఉంటుంది. కానీ ఉంటుంది.

ఇది తెలిస్తే బేరం రూపమే మారిపోతుంది. ఫోన్లో మాట్లాడే హెచ్ఆర్ మనిషికి సాధారణంగా ఒక గీత దాకానే అధికారం ఉంటుంది. అది దాటితే మేనేజర్ అయినా, డబ్బు లెక్కలు చూసేవాళ్లయినా సంతకం పెట్టాలి. కాబట్టి "నా చేతిలో లేదండీ" అన్న మాట చాలాసార్లు నిజమే. దాన్ని మూసిన తలుపుగా తీసుకోనక్కర్లేదు, ఇంకెవరి చేతిలోనో ఉందని అర్థం. అప్పుడు నేనైతే ఇలా అంటాను: "ఎవరి అప్రూవల్ కావాలో చెప్పండి. వాళ్లకి చూపించడానికి పనికొచ్చే వివరాలు నేను రాసి పంపుతాను." హెచ్ఆర్‌తో పోట్లాడాల్సిన పని లేదు. మీ తరఫున పైకి వెళ్లి మాట్లాడాల్సింది ఆ మనిషే, అందుకు సరుకు మీరు ఇవ్వాలి.

ఇక ఎప్పుడూ ఎదురయ్యే రెండో ప్రశ్న: "ఇప్పుడు ఎంత వస్తోంది?"

1974లో అమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం గురించి రాశారు. అంకెలున్న చక్రం ఒకటి జనం ముందు తిప్పేవారు. ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతం, చక్రం మీద పడిన అంకె కంటే ఎక్కువా తక్కువా అని ముందు అడిగి, ఆ తర్వాత మీ అంచనా చెప్పండి అనేవారు. 10 పడినవాళ్ల అంచనాల్లో మధ్యది 25. 65 పడినవాళ్లది 45. చక్రానికీ ఐక్యరాజ్యసమితికీ ఏ సంబంధమూ లేదని చూస్తూనే తెలుస్తోంది, అయినా మొదట కంటబడిన అంకె మనసుని అటు లాగేసింది. లంగరు వేసిన పడవ ఎంత కొట్టుకున్నా ఆ చుట్టుపక్కలే తిరిగినట్టు.

పాత జీతం అలాంటి లంగరే. మూడేళ్ల కిందట ఏదో తొందరలో ఒప్పుకున్న తక్కువ జీతం, దాని మీద ఇరవై శాతం, మళ్లీ దాని మీద ఇరవై. మొదటి తప్పు ప్రతి ఉద్యోగంలోకీ మనతోపాటే వస్తుంది. నేను ఫోన్లో చేసింది ఇదే. కొత్త పని ధర ఎంత అని కాక, పాత జీతానికి ఎంత కలపాలి అని లెక్కేశాను. ఈ సంగతి చట్టాలు చేసేవాళ్లకీ అర్థమైంది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2016లో ఒక చట్టం చేసి, ఆఫర్ ఇవ్వకముందు పాత జీతం అడగకూడదంది. అది 2018 జులై నుంచి అమల్లోకి వచ్చింది. తర్వాత ఇంకా చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన ఆదేశంలోనూ ఇదే నిషేధం ఉంది. దాంతోపాటు, పోస్టు మొదటి జీతం గానీ రేంజ్ గానీ అభ్యర్థికి ముందే చెప్పాలన్న నియమం కూడా ఉంది. 2026 జూన్ 7 లోగా దీన్ని సొంత చట్టాల్లోకి తెచ్చుకోవాలని సభ్యదేశాలకి గడువు పెట్టింది.

అలాంటి చట్టం లేనిచోట అడుగుతారు, అడిగితే అబద్ధం చెప్పొద్దు. పే స్లిప్పులు అడిగే కంపెనీలు బోలెడు, దొరికిపోతే ఆఫరే పోతుంది. కానీ చెప్పే తీరు మన చేతిలో ఉంది. "ఇప్పుడు ఇంత వస్తోందండీ. కానీ అక్కడ నేను చేసేది ఒక్క భాగమే, ఇక్కడ టీమ్ మొత్తాన్ని చూడాలంటున్నారు. ఈ పోస్టుకి మీరు అనుకున్న రేంజ్ చెబితే దాన్నిబట్టి మాట్లాడుకుందాం." పాత అంకె చెప్పి అక్కడే ఆగిపోకపోవడం ముఖ్యం. ఆగితే అవతలివాళ్ల చెవిలో మిగిలేది అదొక్కటే.

అంకె ముందు ఎవరు చెప్పాలన్న దాని మీద రెండు వర్గాలున్నాయి. ముందు చెప్పినవాడు చెడ్డాడని ఒకరు, లంగరు ముందు మనమే వెయ్యాలని ఇంకొకరు. నాకు ఇందులో పెద్ద తగువేమీ కనిపించదు. రేంజ్ మీకు తెలిస్తే ముందు చెప్పండి, పై భాగంలో అంకె చెప్పండి. తెలియకపోతే వాళ్ల చేత చెప్పించండి. తప్పక మీరే చెప్పాల్సి వస్తే ఒక్క జాగ్రత్త: "100 నుంచి 120" అంటే మీ చెవికి 120 వినిపిస్తుంది, వాళ్ల చెవికి 100 వినిపిస్తుంది. అందుకని మీకు నిజంగా కావలసిన అంకె రేంజ్‌లో కింద ఉండాలి.

మరి ఆ రేంజ్ తెలిసేదెలా? జీతాలు చూపించే వెబ్‌సైట్లు ఒక దారి, కానీ వాటిలో ఊరూ అనుభవం కలగాపులగంగా ఉంటాయి. కొలరాడో లాంటి చోట్ల 2021 నుంచి ఉద్యోగ ప్రకటనలోనే జీతం రాయాలన్న చట్టం ఉంది, అలాంటి ప్రకటనలు ఒకే కంపెనీలో పై గ్రేడుకీ కింది గ్రేడుకీ తేడా ఎంతో పట్టిస్తాయి. అన్నిటికంటే పనికొచ్చేది ఆ కంపెనీలో చేసి మానేసిన మనిషి. ఉన్నవాళ్లు మొహమాటపడతారు, మానేసినవాళ్లకి ఆ బాధ లేదు. "మీకెంత వచ్చేది?" అని అడిగితే ఎవరికైనా ఇబ్బందే. "ఈ పోస్టుకి 100 అడిగితే ఎక్కువ అడిగినట్టా, తక్కువ అడిగినట్టా?" అని అడగండి. సొంత జీతం బయటపెట్టకుండానే చాలా చెప్పేస్తారు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. నిజమే, కానీ అడగాలని తెలియడానికి కూడా ఏదో ఒకటి తెలిసి ఉండాలి. అమెరికాలో లిల్లీ లెడ్‌బెటర్ 1979లో గుడ్‌ఇయర్ టైర్ల ఫ్యాక్టరీలో చేరింది. దాదాపు ఇరవై ఏళ్లు పనిచేసి, రిటైరయ్యే రోజులు దగ్గరపడ్డాక, ఎవరో పేరు రాయకుండా పెట్టిన చీటీ ఒకటి ఆమెకి దొరికింది. అప్పుడు గానీ తెలియలేదు, అదే హోదాలో ఉన్న మగవాళ్లందరికంటే తన జీతం తక్కువని. కోర్టు రికార్డుల ప్రకారం 1997 చివరికి ఆమె నెల జీతం 3,727 డాలర్లు. ఆ హోదాలో ఉన్న మగవాళ్లలో అందరికంటే తక్కువ తీసుకునే అతనికే 4,286, ఎక్కువ తీసుకునే అతనికి 5,236. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జీతం నిర్ణయించిన 180 రోజుల్లోపు ఫిర్యాదు చేయాల్సింది, ఆలస్యమైందని 2007లో అయిదుగురు న్యాయమూర్తులు అటు, నలుగురు ఇటు నిలిచి ఆమె ఓడిపోయింది. తెలియని అన్యాయం మీద 180 రోజుల్లో ఫిర్యాదు ఎలా చేస్తారని అడిగింది భిన్నాభిప్రాయం రాసిన జస్టిస్ గిన్స్‌బర్గ్. 2009 జనవరిలో ఆ నియమాన్ని సవరిస్తూ లెడ్‌బెటర్ పేరుతోనే చట్టం వచ్చింది. పోయిన డబ్బు మాత్రం ఆమెకి రాలేదు.

తెలుసుకోవడంలో ఒక నొప్పి కూడా ఉంది, దాన్ని దాచడం బాగోదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఉద్యోగుల్లో కొందరికి, అందరి జీతాలూ ఫలానా వెబ్‌సైట్లో చూడొచ్చని పరిశోధకులు చెప్పారు. 2012లో వచ్చిన ఆ అధ్యయనంలో తేలిందేమిటంటే, తోటివాళ్లలో మధ్య జీతం కంటే తక్కువ వస్తున్నవాళ్లకి అసంతృప్తి పెరిగింది, వేరే ఉద్యోగం వెతుక్కోవాలన్న ఆలోచనా పెరిగింది. ఎక్కువ వస్తున్నవాళ్లకి ఆనందమేమీ పెరగలేదు. ఎక్కువ రావడం సహజమని అనిపిస్తుంది కాబోలు.

బేరానికి సరైన సమయం ఒకటుంది, చాలామంది దాన్ని చేజార్చుకుంటారు. మొదటి ఫోన్లో మీరు వందమందిలో ఒకరు. ఇంటర్వ్యూలన్నీ అయ్యి, "మీరే కావాలి" అని వాళ్లు తేల్చుకున్నాక, మీరు సంతకం పెట్టేలోపు ఉండే ఆ నాలుగైదు రోజులే మీవి. అప్పటికి వాళ్లు మిగతావాళ్లని వద్దనుకున్నారు. మీరు కాదంటే మళ్లీ మొదటికి వెళ్లి వారాల తరబడి వెతకాలి. మేనేజర్ అయితే మీకు ఏ పని అప్పగించాలో కూడా ఆలోచించేసుకుని ఉంటాడు. ఆ వేళ "థ్యాంక్స్ అండీ, చాలా సంతోషం. రెండు రోజులు టైమివ్వండి, పూర్తిగా చూసి మాట్లాడతాను" అంటే ఎవరూ ఏమీ అనుకోరు. మర్యాదగా ఒక్కసారి అడిగినందుకు ఆఫర్ వెనక్కి తీసుకోవడం అరుదు. ఒప్పుకున్నాక మళ్లీ మాట మార్చేవాళ్ల మీదే కంపెనీలకి కోపమొస్తుంది.

అంకె చెప్పాక ఆగాలి. ఇది నాకు ఇప్పటికీ కష్టమే. "110 అయితే బాగుంటుందండీ" అన్నాక అవతల నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం భరించలేక "అంటే, 105 అయినా పర్లేదు" అని మనమే దిగిపోతాం. వాళ్లు నోరు విప్పనేలేదు, మన బేరం మనమే ఆడేసుకున్నాం. కాగితం మీద "ఆగు" అని రాసుకుని ఎదురుగా పెట్టుకుని మాట్లాడిన రోజులు నాకున్నాయి.

ఇంకో ఆఫర్ చేతిలో ఉంటే బలమే, లేకపోయినా ఉందని చెప్పడం మాత్రం జూదం. "అయితే అక్కడే చేరండి, ఆల్ ద బెస్ట్" అంటే ఇక చెయ్యగలిగేదేమీ లేదు.

ఆఫర్ అంకెని ఒకే ముద్దగా చూస్తే మోసపోతాం. రెండు ఆఫర్లు అనుకుందాం. మొదటిదాని ప్యాకేజీ 120. అందులో ఫిక్స్‌డ్, అంటే తప్పక వచ్చేది 90, వేరియబుల్, అంటే ఫలితాల్ని బట్టి వచ్చేది 20, జాయినింగ్ బోనస్ 10. రెండోది 110, అంతా ఫిక్స్‌డ్. పైకి మొదటిదే పెద్దది. వేరియబుల్ పూర్తిగా రావడం అదృష్టం మీద ఆధారపడిన సంగతి, అరవై శాతం వచ్చిందనుకుంటే 12. మొదటి ఏడాది 90, 12, 10 కలిపి 112. రెండో ఏడాది జాయినింగ్ బోనస్ ఉండదు. ఇంక్రిమెంట్ మామూలుగా ఫిక్స్‌డ్ మీదే లెక్కేస్తారు కాబట్టి, పది శాతం ఇస్తే 90 కాస్తా 99 అవుతుంది. వేరియబుల్ కూడా అంతే పెరిగి 22 అయ్యి, అందులో మళ్లీ అరవై శాతమే వస్తే, మొత్తం 112 దాటి కొంచెం. రెండో ఆఫర్లో అదే పది శాతానికి 121. రెండో ఏడాదికే చిన్నది పెద్దదైంది. పైగా జాయినింగ్ బోనస్ తీసుకుని ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు చాలా లెటర్లలో ఉంటుంది. షేర్లు ఇస్తామంటే, ఎన్నేళ్లలో చేతికొస్తాయో అడగాలి. నాలుగేళ్ల మీద విడతలుగా, మొదటి ఏడాది నిండకపోతే సున్నా అన్నది బాగా వాడుకలో ఉన్న పద్ధతి.

మరో వైపు, జీతం గీత దాటదని నిజంగానే తేలితే ఇదే చీలిక మనకి ఉపయోగపడుతుంది. జీతం పెంచితే కంపెనీకి ఏటా ఖర్చు, జాయినింగ్ బోనస్ ఒక్కసారి ఖర్చు. అందుకని అది కాస్త సులువుగా ఇస్తారు. సెలవులు, ఇంటి నుంచి పని, హోదా పేరు, మొదటి రివ్యూ ఆరు నెలలకే పెట్టడం లాంటివీ అడగొచ్చు. కాకపోతే వాటితో సర్దుకునే ముందు ఫిక్స్‌డ్ గురించి గట్టిగా అడిగి ఉండాలి. ఎందుకో లెక్క చూడండి. ఒకరు 100కి, ఒకరు 108కి చేరారు. ఇద్దరికీ ఏటా ఆరు శాతమే పెంచారు. పదేళ్లలో తేడా మొత్తం కూడితే 105. మొదటాయన తొలి ఏడాదంతా పని చేసి సంపాదించినదానికంటే ఎక్కువ, ఒక్క ఫోన్ కాల్లో తేలిపోయింది.

అందరూ అడిగితే అందరికీ ఒకేలా ఉంటుందా అంటే, ఉండదు. 2007లో వచ్చిన ఒక పరిశోధనలో, అవే మాటలతో ఎక్కువ జీతం అడిగినా, మగవాళ్లకంటే ఆడవాళ్లని ఎక్కువగా తప్పుబట్టారని తేలింది. "ఆడవాళ్లు అడగరు" అనేవాళ్లు ఈ రెండో సగం మర్చిపోతారు. ఉద్యోగ ప్రకటనల మీద ఆండ్రియాస్ లైబ్రాంట్, జాన్ లిస్ట్ చేసిన క్షేత్ర ప్రయోగం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. జీతం మాట్లాడుకోవచ్చా లేదా అన్నది ప్రకటనలో లేనప్పుడు మగవాళ్లు ఎక్కువగా బేరమాడారు. మాట్లాడుకోవచ్చని స్పష్టంగా రాసినప్పుడు ఆ తేడా మాయమైంది. కాబట్టి తెలియకపోతే సూటిగా అడిగేయొచ్చు: "ఈ అంకె మీద మాట్లాడుకునే వీలుందాండీ?" ఉందంటే, తర్వాత అడిగేది వాళ్లు తెరిచిన తలుపులోంచే వెళ్లినట్టవుతుంది.

ఉన్న ఉద్యోగంలో హైక్ అడగడం వేరే ఆట. ఇక్కడ మీ గురించి వాళ్లకి అంతా తెలుసు, మీరు వెళ్లిపోరన్న ధీమాతో సహా. అందరూ చేసే పొరపాటు అప్రైజల్ మీటింగ్ దాకా ఆగడం. అప్పటికి లెక్కలు అయిపోయి ఉంటాయి. టీమ్‌లో పదిమంది ఉంటే మేనేజర్ చేతికి సగటున ఆరు శాతం అని ఒక మొత్తం ఇస్తారు. మీకు పది ఇవ్వాలంటే ఇంకెవరికో కొయ్యాలి. రెండు మూడు నెలల ముందే అడిగితే, ప్రమోషన్ కోటాలోంచో, మార్కెట్ రేటుకి సరిచేయడం కిందో, వేరే జేబులోంచి తెచ్చే ప్రయత్నం చేయగలడు. దానికి అతను పైవాళ్లకి ఏదో ఒకటి చూపించాలి. "ఈ ఏడాది చాలా కష్టపడ్డాను" అనేది అతను ఫార్వర్డ్ చేయలేడు. "నెలకి మూడు రోజులు పట్టే బిల్లింగ్ పని ఇప్పుడు నాలుగు గంటల్లో అవుతోంది, మార్చి నుంచి ఇద్దరు కొత్తవాళ్లకి నేనే పని నేర్పాను" అనేది చేయగలడు. ఇంటి లోన్, పిల్లల ఫీజులు నిజమైన బాధలే, కానీ అవి మీ పని ధరని మార్చవు. పైన కూర్చున్నవాళ్లకి అవి పంపితే జాలిపడతారు, సంతకం పెట్టరు.

ఇంక్రిమెంట్ శాతం చూసి మురిసిపోయే ముందు ధరలు ఎంత పెరిగాయో పక్కన పెట్టి చూడాలి. 1986లో కానెమన్, నెచ్, థేలర్ ప్రచురించిన సర్వేలో రెండు కథలున్నాయి. ధరల పెరుగుదల లేని ఊళ్లో కంపెనీ జీతాలు ఏడు శాతం తగ్గించింది: 62 శాతం మంది ఇది అన్యాయమన్నారు. ధరలు 12 శాతం పెరిగిన ఊళ్లో జీతం అయిదు శాతం మాత్రమే పెంచింది: 78 శాతం మంది ఫరవాలేదన్నారు. రెండుచోట్లా మనిషి జేబులోంచి పోయింది దాదాపు ఒకటే. కంపెనీలకి ఈ తేడా బాగా తెలుసు.

చివరగా, నోటిమాట సంగతి. ఒకసారి జీతం తక్కువని అడిగితే, "ఇప్పటికి చేరండి, ఆరు నెలల్లో రివ్యూ చేసి సరిచేస్తాను, నాది హామీ" అన్నాడు మేనేజర్. మంచి మనిషి, మాట తప్పే రకం కాదు. లెటర్లో ఒక లైను రాయించమని అడగడానికి నాకే మొహమాటం అడ్డొచ్చింది. నాలుగో నెలలో ఆయన వేరే కంపెనీకి వెళ్లిపోయాడు. ఆరో నెలలో కొత్త మేనేజర్ దగ్గరికి వెళ్లి విషయం చెబితే, ఆవిడ ల్యాప్‌టాప్‌లో నా ఫైలు తెరిచి, మొత్తం కిందిదాకా చూసి, నిజంగానే నొచ్చుకుంటూ అంది: "ఇందులో ఎక్కడా లేదండీ."